క్విట్టెతో వేలంపాట

దామర్ల గంగాధరరావుకి దేన్నైనా రెండుసార్లు చూస్తే గాని నమ్మకం కుదరదు. సూపర్‌మార్కెట్లో వంకాయని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే వెనక నిలబడ్డ జర్మన్ పెద్దాయన గొంతు సవరించుకోవాల్సిందే. ఇంటి తలుపు వేసుకుని మెట్లన్నీ దిగాక మళ్ళీ పైకెళ్ళి లాగి చూసొస్తాడు. భార్య రాజ్యశ్రీ దీన్ని జబ్బంటుంది. వాల్డార్ఫ్‌లో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ మాత్రం ఆ జబ్బుకే జీతమిస్తుంది. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే అక్కడ అతని ఉద్యోగం.

చీరాల నుంచి బెంగుళూరు, అక్కణ్ణుంచి బ్లూ కార్డనే ఉద్యోగ వీసా మీద జర్మనీ. నలభై ఆరేళ్ళ మనిషి. పేకాట రాదు, క్రికెట్ పిచ్చి లేదు. నలుగురు తెలుగువాళ్ళు కలిసి ఉగాది చేసుకుంటే కుర్చీలు సర్దే పని తీసుకుని ఓ పక్కన ఉండే రకం. "మీకంటూ ఒక సరదా ఉండాలండీ, లేకపోతే మనిషి ఎండిపోతాడు" అని రాజ్యశ్రీ చాలా ఏళ్ళు పోరింది. తరవాత ఆ మాట ఎందుకన్నానా అని చాలాసార్లు నాలుక కరుచుకుంది.

ఒక ఆదివారం ముగ్గురూ హైడెల్‌బర్గ్ దగ్గర ఫ్లోమార్క్ట్‌కి వెళ్ళారు. అంటే పాత సామాన్ల సంత. రాజ్యశ్రీ చిన్న రాతి రోలు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతోంది. కూతురు ఈషాకి పద్నాలుగేళ్ళు. అది జీన్స్ జాకెట్ల గుట్ట దగ్గర ఆగిపోయింది. గంగాధరరావు ఏమీ కొనే ఉద్దేశం లేకుండా ఒక బల్ల ముందు నిలబడి, బిస్కెట్ల డబ్బాలో పోసున్న పాత గుండీల్ని వేలితో కెలుకుతున్నాడు. ఆ చుట్టుపక్కల అమెరికా సైనికుల కుటుంబాలు చాలా ఏళ్ళు కాపురమున్నాయి. వాళ్ళు వెళ్ళిపోతూ వదిలేసిన వస్తువులు ఇప్పటికీ ఇలాంటి బల్లల మీద తేలుతుంటాయి.

గుండీల మధ్య ఒక రాగి బిళ్ళ తగిలింది. చొక్కా అంచుతో తుడిచి చూస్తే పెద్ద అక్షరాలతో 'వన్ సెంట్' అని ఉంది. అమెరికా నాణెం కాబోలనుకున్నాడు. అనుకుని, అలవాటు ప్రకారం మళ్ళీ చూశాడు. ఆ 'వన్ సెంట్' నెత్తిమీద చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో మాట ఉంది: 'నాట్'. అంటే, ఒక సెంటు కాదు.

గంగాధరరావు అక్కడే నిలబడి నవ్వాడు. భర్త ఒంటరిగా నవ్వుతుండగా చూడటం రాజ్యశ్రీకి అదే మొదలు.

ఇంటికొచ్చి చదివితే కథంతా తెలిసింది. నూట అరవై ఏళ్ళ కిందట అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చినప్పుడు, రేపేమవుతుందోనని జనం లోహపు డబ్బంతా దాచేసుకున్నారట. రొట్టె కొన్నా, బీరు తాగినా చిల్లర లేదు. అప్పుడు దుకాణదార్లే సొంతంగా రాగి బిళ్ళలు కొట్టించుకుని చిల్లర బదులు చేతిలో పెట్టారు. అది చూడ్డానికి సర్కారు నాణెంలా ఉండాలి, అలాగని దొంగనాణెమని ఎవరూ పట్టుకుపోకూడదు. అందుకే కొందరు ఆ చీమంత 'కాదు' పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి ప్రభుత్వం చట్టం చేసి అన్నిటినీ ఆపించేసింది.

ఈ సంగతి గంగాధరరావుకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అతని చిన్నప్పుడు చీరాలలో ఒక టిఫిన్ హోటలాయన చిల్లర లేదంటూ హోటలు ముద్ర కొట్టిన అట్టముక్కలిచ్చేవాడు. అవి పక్కనున్న కిళ్ళీకొట్లోనూ చెల్లేవి, సైకిల్ షాపులో గాలి కొట్టించుకోడానికీ చెల్లేవి. వాళ్ళ నాయనమ్మ ఒకసారి గుడి హుండీలో ఒకటి వేసేసిందని, పూజారి ఏమీ అనకుండా వెళ్ళి ఇడ్లీ తినొచ్చాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.

అక్కడితో ఆగితే అది వట్టి సరదాగా మిగిలిపోయేది. కానీ ఆ బిళ్ళల్లో గంగాధరరావు జబ్బుకి సరిపడా మేత ఉంది. ఒక్కో బిళ్ళకీ రెండు అచ్చులు, పైదొకటి కిందదొకటి. వాటిని చేత్తో చెక్కేవాళ్ళు కాబట్టి ఏ రెండు అచ్చులూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో నక్షత్రం కాస్త వంకర, ఇంకోదాంట్లో సంవత్సరం అంకె బొమ్మ మెడకి తగులుతుంది. పైగా కొట్టగా కొట్టగా అచ్చు పగులుతుంది, ఆ పగులు బిళ్ళ మీద సన్నటి గీతలా లేచి వస్తుంది. పగలకముందు కొట్టినవేవో, పగిలాక కొట్టినవేవో, ఏ పై అచ్చుకి ఏ కింది అచ్చు జత కట్టారో అన్నీ నంబర్లతో సహా ఏర్చి పెట్టిన లావుపాటి పుస్తకాలున్నాయి. అవి తెప్పించుకున్నాడు. భూతద్దం కొన్నాడు. ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక బాల్కనీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా లేవడు.

"ఆ ఆడమనిషి మొహం అంతసేపు చూశారు, నా మొహం ఎప్పుడన్నా చూశారా?" అంది రాజ్యశ్రీ ఒకరోజు. బిళ్ళ మీద ఈకల కిరీటం పెట్టుకున్న ఆడమనిషి తల ఉంది.

"నీకు పగుళ్ళు లేవుగా రాజీ" అన్నాడు గంగాధరరావు. అతను అంత చమత్కారంగా మాట్లాడటం కూడా అదే మొదలు.

ఫ్లోమార్క్టుల్లో ఇవి ఎప్పుడో గాని దొరకవు. అందుకని ఇంటర్నెట్లో జరిగే వేలంపాటల్లో చేరాడు. అక్కడ ఎవరి పేరూ కనిపించదు, మారుపేర్లే. గంగాధరరావు 'చీరాల' అని పెట్టుకున్నాడు. చేరిన కొత్తలోనే ఒక శత్రువు దొరికాడు. పేరు 'క్విట్టె'. పచ్చిగా కొరికితే పళ్ళు జివ్వుమనే, రాయిలాంటి పసుప్పచ్చ పండు ఒకటి ఈ దేశంలో కాస్తుంది, దాని పేరది. గంగాధరరావు మనసుపడ్డ ప్రతి బిళ్ళ మీదా క్విట్టె కన్ను పడేది. ఇతను పాట పెంచితే అటు ఇంకొంచెం పెరిగేది. ఆఖరి నిమిషం దాకా కిక్కురుమనకుండా కూర్చుని సరిగ్గా ముగిసేముందు తన్నుకుపోయేవాడు క్విట్టె. కసికొద్దీ ఒక్కోసారి ఇతనూ అదే పని చేసేవాడు.

"వాడెవడో గాని నా వెనకే నడుస్తున్నాడు" అనేవాడు అన్నం తింటూ.

"ఆయన కూడా వాళ్ళావిడతో అదే చెబుతుంటాడు" అనేది రాజ్యశ్రీ.

ఏడాది అలా గడిచాక క్విట్టె నుంచే కబురొచ్చింది. పలకరింపు లేదు, పరిచయం లేదు. 'మొన్న మీరు గెలిచిన బిళ్ళలో కుడివైపు నక్షత్రానికి ఐదు కొసలేనా? నా దగ్గరున్న దాంట్లో ఒక కొస విరిగింది.' కింద ఒక ఫొటో. బిళ్ళ పక్కన కొలతకోసం పాత చెక్క స్కేలు పెట్టి తీసింది. గంగాధరరావు తన బిళ్ళని రెండుసార్లు చూసుకుని, ఐదు కొసలే అని జవాబిచ్చాడు. అలా మొదలై వారానికో ప్రశ్న, వారానికో ఫొటో. క్విట్టె ఏదీ అంత తేలిగ్గా ఒప్పుకోడు, ఆధారం చూపించమంటాడు. చూపిస్తే మాత్రం 'మీరన్నదే సరి' అని రాసేస్తాడు. అలాంటి మనిషి గంగాధరరావుకి ఆఫీసులో కూడా దొరకలేదు. ఒకసారి 'చీరాల అంటే ఏమిటి?' అని అడిగితే, 'సముద్రం పక్కన మా ఊరు, బట్టలు నేస్తారు' అని రాశాడు. మరోసారి క్విట్టె తను ఆడమనిషినని, దగ్గర్లోనే ఉంటానని చెప్పి, పక్కూళ్ళో బిళ్ళలూ నాణేలూ మార్చుకునే సంతకి రమ్మని పిలిచింది. వస్తానని ఒప్పుకున్నాడు గంగాధరరావు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటి గొడవ ఒకటి నడుస్తోంది. కొండవాలు మీద ఉన్న ఒక ఊళ్ళో, పెరడున్న పాత ఇల్లొకటి రాజ్యశ్రీకి నచ్చింది. ఆ పెరట్లో గోంగూర ఎక్కడ, తోటకూర ఎక్కడ అన్నది కూడా మనసులో పాదులు తీసేసుకుంది. ఇంటాయన భార్య పోయిన పెద్దమనిషి, వేసవి దాకా ఆగుతానన్నాడు. బ్యాంకు వాళ్ళు మాత్రం అప్పివ్వాలంటే ముందు ఇక్కడ శాశ్వతంగా ఉండే కార్డు తెచ్చుకోమన్నారు. ఆ కార్డిచ్చేది విదేశీయుల ఆఫీసు. అక్కడి తెలుగువాళ్ళు ఎదురుపడితే బావున్నావా అని అడిగేముందు "టెర్మిన్ దొరికిందా?" అని అడిగేది ఆ ఆఫీసు సంగతే. టెర్మిన్ అంటే వచ్చి కలవమని వాళ్ళిచ్చే రోజూ వేళా. గంగాధరరావుకి మొత్తానికి అది దొరికింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. గది తలుపు మీద 'ఫ్రౌ వెండ్లింగ్', అంటే శ్రీమతి వెండ్లింగ్, అని ఉంది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళద్దాలు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. నవ్వలేదు, విసుక్కోనూ లేదు. జీతం కాగితాలు చూసింది, అద్దె ఒప్పందం చూసింది, భాష పరీక్ష సర్టిఫికెట్ వెలుతురుకి పెట్టి చూసింది. తరవాత ఫొటో తీసుకుని, ముఖం కొలత సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి తన చేతిసంచీలోంచి స్కేలు తీసింది.

"ఆఫీసు స్కేలు మీద గీతలు లావుగా ఉంటాయి. నాది తెచ్చుకుంటాను" అంది.

గంగాధరరావు ఆ స్కేలు వంక చూశాడు. చెక్క స్కేలు. ఒక మూల ఎవరో చిన్నప్పుడు కొరికినట్టు చెక్కు లేచింది. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల సిరా మరక, దానికి ఎడమవైపు తిరిగిన సన్నటి తోక. ఎనిమిది అంకె మీద పై సున్నా అరిగిపోయింది. చెక్కు, మరక, తోక, అరిగిన ఎనిమిది, అన్నీ సరిపోయాయి. మళ్ళీ చూశాడు. సందేహం లేదు, అదే అచ్చు. క్విట్టె పంపిన ప్రతి ఫొటోలోనూ బిళ్ళ పక్కన పడుకుని ఉండే స్కేలు ఇదే.

ఫ్రౌ వెండ్లింగ్ ఫొటో పక్కన పెట్టి ఫైల్లో వివరాలు ఒక్కొక్కటీ చదువుతోంది. పుట్టిన ఊరి దగ్గర ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇది ఎలా పలకాలి?"

"చీరాల" అన్నాడు.

"చీ-రా-ల." ఆమె కూడబలుక్కుని, కిటికీ వైపు చూసింది. "సముద్రం పక్కనా?"

"అవునండీ."

తరవాత ఆమె ఫైలు మూసి, "ఫొటో సరిగ్గానే ఉంది, హెర్ దామర్ల. మీకు కబురొస్తుంది" అంది. గంగాధరరావు లేచి తలుపు దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి చూశాడు. ఆమె స్కేలుని సంచీలో పెట్టుకుంటోంది.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాడు.

"స్కేలు చూసి మనిషిని పట్టుకున్నారా?" అంది రాజ్యశ్రీ.

"మరక చూసి పట్టాను. ఆ మరకకి తోకుంది రాజీ."

ఈషా సోఫాలోంచి లేచి కూర్చుంది. "పపా, దస్ ఇస్ట్ సో క్రాస్" అంది. ఇంతకంటే విచిత్రం ఉండదని దాని భాషలో అర్థం. "కానీ చెప్తే ప్రాబ్లమ్. స్కూల్లో చదివాం. ఆఫీసర్‌కి తెలిసినవాళ్ళ ఫైల్ ఉంటే వాళ్ళు చెయ్యకూడదు. వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి."

"వేరేవాళ్ళకి ఇస్తే?"

"మళ్ళీ వెయిటింగ్."

రాజ్యశ్రీ పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. "చూడండి. కార్డు చేతికొచ్చేదాకా నోరు మెదపమాకండి. ఆమెకి మీరెవరో తెలీదనుకోండి, మీకూ ఆమె ఎవరో తెలీదు. కార్డొచ్చాక ఇద్దరూ కూర్చుని ఆ బిళ్ళలు ఎంతసేపైనా చూసుకోండి. చెప్పకపోవడం అబద్ధం కాదుగా."

అది సబబుగానే అనిపించింది. సంతకి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని క్విట్టె అడగనూ లేదు. అసలు ఆ టెర్మిన్ తరవాత క్విట్టె నుంచి ఒక్క ముక్క రాలేదు.

ఇంతలో ఎబర్ట్ బిళ్ళ పాటకొచ్చింది. కార్ల్ ఎబర్ట్ అనేవాడు జర్మనీ నుంచి వెళ్ళి సిన్సినాటిలో రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. అతను కొట్టించిన బిళ్ళ కోసం చీరాల, క్విట్టె ఇద్దరూ ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నారు. క్విట్టె దగ్గర ఒకటుంది. దానికంటే ముందు కొట్టింది దొరికితే చూడాలని ఆమె ఆశ. గంగాధరరావు కళ్ళు మూసుకుని పాట పాడి, సాయంత్రమంతా ఫోను చేత్తో పట్టుకు కూర్చున్నాడు. చివరి నిమిషం వచ్చింది, పోయింది. ఎవరూ పెంచలేదు. బిళ్ళ మొదటి పాటకే అతనిదైపోయింది.

ఇన్నాళ్ళూ కోరుకున్న గెలుపు అది. తీరా వస్తే ఖాళీ మైదానంలో గోలు కొట్టినట్టుంది. ఆమె కావాలనే తప్పుకుంది, అంటే ఆమెకీ తెలుసు. తెలిసి కూడా ఊరుకున్న మనిషి ముందు తనూ ఊరుకుని కూర్చున్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. బిళ్ళ పోస్టులో వస్తే కవరు విప్పకుండా బల్ల మీదే ఉంచాడు.

"విప్పండి" అంది రాజ్యశ్రీ.

"తరవాత చూద్దాంలే."

రాజ్యశ్రీ ఆ కవర్నీ భర్తనీ మార్చి మార్చి చూసింది. "రాసెయ్యండి ఆమెకి. ఈ మొహం వేసుకుని ఇంట్లో తిరుగుతుంటే చూడలేకపోతున్నా." లేచి వెళ్తూ వెనక్కి తిరిగింది. "కానీ నా ఇల్లు గాని చేజారిందా, మీ రాగి బిళ్ళలన్నీ కరిగించి గంట చేయించి మీ మెళ్ళోనే కడతా."

గంగాధరరావు రాయడానికి కూర్చున్నాడు. ముందు కాస్త తెలివిగా, తనకి అప్పుడే అర్థమైనట్టు రాద్దామనుకున్నాడు. కుదరలేదు. జర్మన్‌లో అబద్ధమాడాలంటే 'అయి ఉండవచ్చు, అనుకుని ఉండేవాణ్ణి' లాంటి క్రియలు కావాలి. అవి బి-టూ తరగతిలో వస్తాయి. అతను బి-వన్ దగ్గర ఆగాడు. నిజం చెప్పడానికి బి-వన్ చాలు. 'నేను చీరాల. మీ స్కేలు చూశాను. మీరు క్విట్టె. మీకు చెప్పలేదు, ఎందుకంటే ఫైలు ఆలస్యమవుతుందని భయపడ్డాను. నాకు సిగ్గుగా ఉంది.' అంతే రాసి పంపాడు.

మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. 'మీ సందేశం అందింది. టెర్మిన్ జరిగిన మధ్యాహ్నమే నేను మా పై అధికారికి సంగతి తెలియజేశాను. మీ ఫైలు ఇంకొకరికి అప్పగించబడింది. ఆ సహోద్యోగి పెంటెకోస్ట్ పండగ అయ్యేవరకు సెలవులో ఉన్నారు. నిర్ణయం వెలువడేదాకా మనం ఉత్తర ప్రత్యుత్తరాలు జరపకపోవడం మంచిది. నమస్కారాలతో.'

గంగాధరరావు రెండుసార్లు చదివి ఈషాకిచ్చాడు. ఈషా చదివి, "అంటే నువ్వు చెప్పినా చెప్పకపోయినా సేమ్" అంది.

"సేమ్ కాదు" అన్నాడు. కవరు విప్పి ఎబర్ట్ బిళ్ళని బయటికి తీశాడు.

వేసవి వచ్చింది. కొత్త అధికారి నెమ్మదస్తుడు, ఇంకో రెండు కాగితాలడిగాడు. కొండవాలు మీది ఇంటాయన ఒకసారి గడువు పొడిగించాడు, రెండోసారి తన వల్ల కాదన్నాడు. ఆ ఇల్లు పళ్ళ డాక్టర్ల జంటెవరికో పోయింది. రాజ్యశ్రీ అరవలేదు. కొన్నాళ్ళు మాటలు పొదుపు చేసింది, కాఫీ గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. ఒక ఆదివారం ఒక్కర్తే ఆ ఊరు దాకా కారు తోలుకెళ్ళి, ఆ పెరటి కంచె దగ్గర నిలబడి చూసొచ్చింది. "గడ్డి పెంచుతున్నారు. అంత మంచి నేల పెట్టుకుని గడ్డి" అంది వచ్చాక. గంగాధరరావు ఆ రాత్రి గిన్నెలన్నీ తనే తోమాడు. బిళ్ళల్ని కరిగించే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. అది ఇంకా భయంగా ఉండేది.

ఆ నెలల్లో వేలంపాటలు కూడా చప్పబడిపోయాయి. ఏది కోరితే అది ఇట్టే దొరికేది. అవతల పాడేవాళ్ళు లేనప్పుడు గెలిచిందేమిటో అతనికి అర్థమయ్యేది కాదు. కొన్నిటికి పాట వెయ్యడం కూడా మానేశాడు.

ఆకులు రాలే రోజుల్లో కార్డొచ్చింది. గంగాధరరావు దాన్ని రాజ్యశ్రీ చేతికిచ్చి, దేవుడి దగ్గర పెట్టాక, ఫోను తీసి క్విట్టెకి రెండే మాటలు రాశాడు: 'కార్డు వచ్చింది.'

నిమిషం తిరక్కుండా జవాబు. 'అభినందనలు. ఎబర్ట్ బిళ్ళలో పగులు నక్షత్రాన్ని తాకిందా, ముందే ఆగిందా? పొద్దుటి వెలుతుర్లో చూసి చెప్పండి.'

ఆ ఆదివారం పక్కూరి పాటల సంఘం వాళ్ళ హాల్లో బిళ్ళల సంత, రమ్మని క్విట్టే మళ్ళీ పిలిచింది. రాజ్యశ్రీ కూడా బయల్దేరింది. "నా ఇల్లు మింగిన మనిషి ఎట్టా ఉంటుందో చూడొద్దూ" అంది. ఫ్రౌ వెండ్లింగ్ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. వాళ్ళని చూసి లేచి నిలబడి ముందు రాజ్యశ్రీకి చెయ్యిచ్చింది, తరవాత గంగాధరరావుకి.

"మీరు ఆ పాట ఎందుకు పాడలేదు?" గంగాధరరావు మొదట అడిగింది అదే.

"ఎలా పాడతాను? ఫైలు చేతులు మారినా మా భవనంలోనే ఉంది. నేను గెలిస్తే మీరు ఫిర్యాదు చెయ్యొచ్చు. మీరు గెలిస్తే నేనే వదిలానని ఇంకెవరైనా అనొచ్చు. పాడకపోవడం ఒక్కటే మిగిలింది." ఆమె సంచీలోంచి భూతద్దం తీస్తూ ఆగింది. "ఆ రోజు చాలా కష్టంగా గడిచింది. ఫోను తీసుకెళ్ళి వంటగది అలమరలో పెట్టాను."

"నేను మీకు రాయకపోయి ఉంటే?"

"ఏమీ లేదు. ఫైలు మామూలుగానే నడిచేది. మిమ్మల్ని ఇక్కడికి పిలిచేదాన్ని కాదు."

తరవాత రాజ్యశ్రీ వైపు తిరిగింది. "మీరు ఒక ఇల్లు చూసుకున్నారని, అది పోయిందని మొన్న మీ ఆయన రాశారు. అందులో నా తప్పు లేదు. కానీ నాకు బాధగా ఉంది. ఈ రెండూ వేరు వేరు సంగతులు."

రాజ్యశ్రీ దెబ్బలాడదామనే వచ్చింది. ఆ మాట వినేసరికి దేనికి జవాబివ్వాలో తోచలేదు. తప్పు లేదన్నదానికా, బాధగా ఉందన్నదానికా. చివరికి, "కాఫీ ఎక్కడ దొరుకుతుందిక్కడ?" అని అడిగింది. ఇద్దరూ కలిసి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు రాజ్యశ్రీ చేతిలో రాళ్ళలాంటి పసుప్పచ్చ కాయల సంచీ ఉంది. ఫ్రౌ వెండ్లింగ్ పెరట్లో క్విట్టె చెట్టు విరగకాసిందట, కాయలు తీసుకునేవాళ్ళు లేరట.

ఆ కాయల్ని ఈ దేశం వాళ్ళు పంచదార పాకంలో ఉడకబెట్టి జామ్ చేసుకుంటారు. రాజ్యశ్రీ ఒక ముక్క నాలిక మీద వేసుకుని, "ఇంత పులుపూ వగరూ పెట్టుకున్నదాన్ని పంచదారలో ముంచుతారా" అని, ఆవపిండి, కారం, మెంతిపొడి, నువ్వులనూనె వేసి పచ్చడి కలిపేసింది. సీసా పట్టుకెళ్ళి ఇస్తే ఫ్రౌ వెండ్లింగ్ రొట్టె మీద రాసుకుని తింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకో రొట్టె ముక్క కోసుకుంది.

అక్కణ్ణుంచి రాకపోకలు పెరిగాయి. తోట ముక్క అద్దెకిచ్చే సంఘం అడ్రసు ఫ్రౌ వెండ్లింగే చెప్పింది. సిఫార్సు మాత్రం చెయ్యనంది, వరసలో పేరు రాయించుకోమంది. రాజ్యశ్రీ రాయించుకుంది. ఇల్లు ఇంకా దొరకలేదు, వెతుకుతూనే ఉన్నారు. 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగుదామని ఇద్దరు పాటగాళ్ళలో ఎవరూ అనలేదు.

బిళ్ళలు ఎందుకు పోగుచేస్తున్నారని రాజ్యశ్రీ ఆమెని ఒకసారి అడిగింది. "కారణం ఉండాలా?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఎబర్ట్ బిళ్ళలు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిందేమిటంటే, ఫ్రౌ వెండ్లింగ్ దాంట్లో పగులు ఆడమనిషి ముక్కు దగ్గర మొదలై నక్షత్రం మీదుగా అంచు దాకా పోయింది. గంగాధరరావు దాంట్లో అది సగం దారిలో, నక్షత్రాన్ని తాకకుండా ఆగిపోయింది. లావుపాటి పుస్తకంలో అసలు పగలని బిళ్ళ ఉంది, పూర్తిగా పగిలిన బిళ్ళ ఉంది. ఈ మధ్యది లేదు. ఇద్దరూ కలిసి అమెరికాలో ఇలాంటి బిళ్ళలు సేకరించేవాళ్ళ సంఘానికి రాద్దామనుకున్నారు. రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. 'ఇది మధ్య దశ' అని రాయాలంటుంది ఆమె. 'ఇది బహుశా మధ్య దశ' అంటాడు అతను.

"బహుశా అని రాసిన నిర్ణయం మీద మా ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టరు, హెర్ దామర్ల."

"మా ఆఫీసులో బహుశా లేకుండా ఏదీ బయటికి పంపం, ఫ్రౌ వెండ్లింగ్. ఇంకో బిళ్ళ దొరికిందనుకోండి, మనది తప్పవుతుంది."

"దొరికినప్పుడు దిద్దుకుందాం."

చివరికి 'బహుశా' ఉంచారు, కానీ బ్రాకెట్లలో.

అమెరికా సంఘం నుంచి మర్యాదగా జవాబొచ్చింది. ఈ మధ్య దశని తమ సభ్యుడొకాయన చాలా ఏళ్ళ కిందటే గమనించాడని, కొత్తది కాదని. ఇద్దరి మొహాలూ కాస్త వాడిపోయాయి. కింద ఇంకో మాట కూడా ఉంది: అప్పట్లో తీసిన ఫొటో మసగ్గా ఉందని, మీ రెండు బిళ్ళలూ ఒకే వెలుతుర్లో పక్కపక్కన పెట్టి తీసి పంపగలిగితే కొత్త ముద్రణలో వాడుకుంటామని.

ఫొటో తీయడానికి గంగాధరరావు వాళ్ళ బాల్కనీ ఎంచుకున్నారు. ఎండ ఒకవైపు నుంచే పడుతోంది, రెండోవైపు నీడ. రాజ్యశ్రీ లోపలికెళ్ళి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి, ఎండని దాంతో వెనక్కి కొట్టి బిళ్ళల మీద వేసింది. పగులు రెండింటి మీదా వెంట్రుకలా తేలింది. ఈషా ఫోను పట్టుకుని వంగింది.

"ఎడమవైపు ఏది పెట్టాలి?" అన్నాడు గంగాధరరావు. "ముందు కొట్టింది నాదే కదా."

"సందేహం లేనిది ముందు పెట్టాలి" అంది ఫ్రౌ వెండ్లింగ్.

"ముందుది ముందుండాలండీ, చదివేవాడికి క్రమం తెలియాలిగా."

"మీరే బహుశా అన్నారు."

"బ్రాకెట్లలో అన్నాను."

రాజ్యశ్రీ పళ్ళెం అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకుంది. ఎండ ఒక్కసారి గోడ మీదికి ఎక్కి మళ్ళీ దిగింది.

"చేతులు లాగుతున్నాయి" అంది తెలుగులో. ఫ్రౌ వెండ్లింగ్‌కి అర్థమైనట్టుంది. తన బిళ్ళని మునివేళ్ళతో తీసి కుడివైపు పెట్టి, ఈషాకి తల ఊపింది.